కుర్చీ తప్పా, కీళ్ల తప్పా?

హైటెక్ సిటీలో ఒంటికి ఏ సుస్తీ చేసినా దానికో సాకు సిద్ధంగా ఉంటుంది. నడుం నొప్పా? కుర్చీ మంచిది కాదు. కళ్లు మంటలా? పొద్దస్తమానం స్క్రీన్ చూస్తే మండక ఏం చేస్తాయి! జుట్టు ఊడుతోందంటే హాస్టల్ బోరు నీళ్లు, నీరసమంటే అమెరికా షిఫ్టు, వేళ్లు పట్టేస్తే మౌసు, ముఖం మీద ఎర్రగా లేస్తే బండి మీద ఎండలో తిరగడం. ఏదీ కుదరకపోతే టెన్షన్ ఉండనే ఉంది. చిక్కేమిటంటే ఈ సాకులు చాలావరకు నిజాలే. 2022-23 నాటికి తెలంగాణ ప్రభుత్వ లెక్కల్లో ఐటీ ఉద్యోగులు 9,05,715 మంది. వాళ్లలో నడుం పట్టుకుని లేచేవాళ్లలో అత్యధికులది మామూలు నడుం నొప్పే. కానీ ఆ గుంపులోనే కొద్దిమంది ఉంటారు. వాళ్ల నొప్పి కుర్చీ మార్చినా పోదు, సెలవు పెట్టి ఊరెళ్లినా పోదు. పరీక్షలు చేయిస్తే అన్నీ నార్మల్ అని వస్తాయి, లేదంటే ఎటూ తేల్చని పాజిటివ్ ఒకటి వస్తుంది. ఒంటిని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థే ఒంటి మీద తిరగబడే ఆటోఇమ్యూన్ జబ్బేదైనా మొదలైందా, లేదా అన్న ప్రశ్నతో నెలలు, ఒక్కోసారి ఏళ్లు నెట్టుకొస్తుంటారు.

పేరు తేలిన జబ్బుల కథలు మనకు తెలుసు. 2022 అక్టోబరు 29న సమంత తనకు మయోసైటిస్ ఉందని ప్రకటించింది. డబ్బింగ్ మైకు ముందు, చేతికి సెలైన్‌తో కూర్చున్న ఫొటో పెట్టింది. కొన్ని నెలల కిందటే నిర్ధారణ అయిందని, తగ్గాక చెబుదామనుకుంటే అనుకున్నదానికన్నా ఎక్కువ కాలం పడుతోందని రాసింది. ఆ ఒక్క పోస్టుతో మయోసైటిస్ అనే మాట తెలుగు ఇళ్లలో నలిగింది. అయితే ఎవరి విషయంలోనైనా లోకానికి తెలిసేది పేరు దొరికిన తర్వాతి భాగమే. ఈ సమీక్ష దానికి ముందు భాగం గురించి.

అసలు ఇలాంటి జబ్బులు ఉంటాయని నమ్మడానికి వైద్యమే చాలాకాలం మొరాయించింది. శరీరం తన కణాలకే విషం తయారు చేసుకోవడాన్ని ప్రకృతి సహించదని 1901 ప్రాంతంలో జర్మన్ శాస్త్రవేత్త పాల్ ఎర్లిష్ తేల్చేశాడు. ఆ మాట అర్ధశతాబ్దం చెల్లింది. 1956లో నోయెల్ రోజ్, ఎర్నెస్ట్ విటెబ్‌స్కీ కుందేళ్ల థైరాయిడ్ మీద చేసిన ప్రయోగాలు బయటికొచ్చాక గానీ ఆ పట్టు సడలలేదు. ‘ఏం లేదమ్మా, టెన్షన్ తగ్గించుకో’ అనే మాటకు అంత పాత వంశవృక్షం ఉంది.

కుర్చీ సంగతి ముందు చూద్దాం. మామూలు నడుం నొప్పి పనిచేస్తే పెరుగుతుంది, పడుకుంటే తగ్గుతుంది. వెన్ను కీళ్లు వాచే యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ దీనికి సరిగ్గా తలకిందులు. ఇరవైల్లోనో ముప్పైల్లోనో నెమ్మదిగా మొదలవుతుంది. అర్ధరాత్రి దాటాక నొప్పితో మెలకువ తెప్పిస్తుంది. లేవగానే నడుం కొయ్యబారి ఉంటుంది, అరగంట అటూ ఇటూ తిరిగితే గానీ వదలదు. ఒక వారం కుడి పిరుదులో, ఇంకో వారం ఎడమ పిరుదులో. ఆదివారం మంచం దిగకుండా ఉంటే ఇంకా ఎక్కువ. అమెరికా షిఫ్టు చేసేవాడి దగ్గర ఈ గడియారమంతా తారుమారవుతుంది. తెల్లారి ఆరింటికి పడుకుని మధ్యాహ్నం రెండింటికి లేచేవాడిని డాక్టరు ‘పొద్దున్నే పట్టేస్తుందా?’ అని అడిగితే, ‘లేదండీ, పొద్దున బాగానే ఉంటుంది’ అంటాడు. అబద్ధం కాదు. అడగాల్సింది నిద్ర లేచినప్పుడు ఎలా ఉంటుందని. ఆ పైన నడుం ఎంఆర్ఐ తీయిస్తారు, డిస్క్ కాస్త ఉబ్బిందని వస్తుంది. ఏ నొప్పీ లేనివాళ్లకు తీసినా చాలామందికి అలాగే వస్తుంది. ఈ జబ్బును పట్టిచ్చేది వెన్ను చివర, తుంటి ఎముక కలిసే చోటున్న సాక్రోఇలియాక్ కీళ్లు. ఎంఆర్ఐ అక్కడ తీయాలి. హెచ్ఎల్ఏ బి27 అనే జన్యు పరీక్ష సాయపడుతుంది గానీ తీర్పు చెప్పదు, అది పాజిటివ్ ఉన్నవాళ్లలో ఎక్కువమందికి ఈ జబ్బు రానే రాదు. ఢిల్లీ రోగుల మీద 2009లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, లక్షణాలు మొదలైన దగ్గర్నుంచి పేరు తేలడానికి సగటున 6.9 ఏళ్లు పట్టింది. ఇరవై అయిదేళ్ల కుర్రాడికి అది దాదాపు మొదటి మూడు ఉద్యోగాల కాలం.

మన ఎండల్లో పట్టుబడని లక్షణం ఒకటి ఆఫీసు ఏసీలో బయటపడుతుంది. మీటింగ్ గది చల్లగా ఉంటుంది, నలుగురూ జాకెట్ల జిప్పులు పైకి లాక్కుంటారు. ఒకమ్మాయికి మాత్రం మధ్యవేలు, ఉంగరపు వేలు కొసల నుంచి సగం దాకా సున్నం పూసినట్టు తెల్లబడతాయి. తెల్లబడిన భాగానికీ మిగతా వేలికీ మధ్య హద్దు స్పష్టంగా కనిపిస్తుంది. కాసేపటికి నీలం తిరుగుతాయి. ప్యాంట్రీకెళ్లి చాయ్ కప్పు రెండు చేతులతో పట్టుకున్నాక ఎర్రబడి చిమచిమలాడతాయి. మోరిస్ రెనో 1862లోనే దీన్ని వర్ణించాడు, ఆయన పేరే దీనికి నిలిచింది. టీనేజీలోనే మొదలై, రెండు చేతులకూ ఒకేలా వచ్చే రెనో చాలామందికి జీవితాంతం చలి బెడదగానే ఉండిపోతుంది. ముప్పై దాటాక కొత్తగా వచ్చినా, వేళ్లు ఉబ్బి ఉంగరం దిగకపోయినా, కొసన పుండు పడినా చర్మం బిగుసుకుపోయే స్క్లెరోడెర్మాకో, ఏ అవయవాన్నైనా పట్టుకోగల లూపస్‌కో తొలి సూచన కావచ్చు. గోరు మొదట్లో ఉండే సన్నని రక్తనాళాలను భూతద్దం లాంటి పరికరంతో చూసి ఏ రకమో చాలావరకు పసిగట్టవచ్చు. సూది గుచ్చక్కర్లేదు, రక్తం తీయక్కర్లేదు.

నన్ను అన్నిటికన్నా కలవరపెట్టేది లివర్ సాకు. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఇక్కడి 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షించి 2025లో ప్రచురించిన ఫలితాల్లో 84 శాతం మంది కాలేయంలో కొవ్వు పేరుకుంది. అంటే ఈ కారిడార్‌లో ఎవరి రిపోర్టులోనైనా ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ ఎక్కువొస్తే ఫ్యాటీ లివర్ అనుకోవడం లెక్క ప్రకారం సబబే. కానీ ఆ రెండు ఎంజైములూ కాలేయంలోనే కాదు, కండరంలో కూడా ఉంటాయి. మయోసైటిస్‌లో కండరం చితికిపోతున్నప్పుడు అవే పెరుగుతాయి. ‘బిర్యానీ తగ్గించు, నడువు’ అని పంపిస్తారు. నడవడానికే కాళ్లు రావడం లేదని ఆ మనిషి చెప్పుకోలేడు, బద్ధకం అనుకుంటారని. ఇక్కడ తేడా చెప్పేది లక్షణం. మయోసైటిస్ బలహీనత వేళ్లలో కాదు, భుజాల్లో, తొడల్లో ఉంటుంది. కింద కూర్చుని భోంచేశాక చేయి ఊనకుండా లేవలేకపోవడం, జడ వేసుకుంటుంటే చేతులు దిగిపోవడం, మెట్రో మెట్లు చూస్తేనే లిఫ్టు వెతుక్కోవడం. చాలాసార్లు నొప్పి కూడా ఉండదు. ఇవి ఉండి లివర్ ఎంజైములు ఎక్కువగా ఉంటే సీపీకే అనే రక్తపరీక్ష చేయిస్తే దారి తెలుస్తుంది. ఏటా కంపెనీలు ఇప్పించే హెల్త్ చెకప్ ప్యాకేజీల్లో సాధారణంగా లివర్ ప్రొఫైల్ ఉంటుంది, సీపీకే ఉండదు.

కళ్ల గురించి క్లుప్తంగా. స్క్రీన్ వల్ల కళ్లు పొడిబారతాయి, నోరు పొడిబారదు. నీళ్ల గుటక లేకుండా బిస్కెట్ మింగుడు పడకపోవడం, ఉన్నట్టుండి పళ్లు పుచ్చిపోవడం కూడా తోడైతే కన్నీటి, లాలాజల గ్రంథులను దెబ్బతీసే షోగ్రెన్ సిండ్రోమ్ గురించి ఆలోచించాలి.

కీళ్ల దగ్గర మనకు ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. మూడు దశాబ్దాలకు పైగా కనబడని చికున్‌గున్యా 2005 చివర్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మళ్లీ తలెత్తి 2006లో దేశమంతా పాకింది. జ్వరం వారంలో పోతుంది, కీళ్ల వాపు కొందరికి నెలల తరబడి పోదు. రుమటాయిడ్ ఆర్థ్రైటిస్‌లాగే రెండు చేతుల చిన్న కీళ్లూ పట్టేస్తాయి, రుమటాయిడ్ ఫ్యాక్టర్ కూడా ఒక్కోసారి పాజిటివ్ వస్తుంది. యాంటీ సీసీపీ అనే మరో యాంటీబాడీ మాత్రం చికున్‌గున్యాలో సాధారణంగా రాదు, అందుకే ఆ పరీక్షకు ఇక్కడ అంత విలువ. క్షయ కూడా అంతే, ఎన్ని వేషాలైనా వేస్తుంది. ఇక్కడి డాక్టరు ముందు ఇన్ఫెక్షన్లను కొట్టిపారేయాలని చూస్తే అది కాలయాపన కాదు.

ఇక అసలు గొడవకు మూలమైన పరీక్ష ఏఎన్ఏ, సొంత కణాల కేంద్రకం మీద తిరగబడే యాంటీబాడీలను వెతికేది. రిపోర్టు రాత్రి పదకొండింటికి వాట్సాప్‌లో పీడీఎఫ్‌గా వస్తుంది. ఏఎన్ఏ, ఇమ్యూనోఫ్లోరసెన్స్ పద్ధతి. డైల్యూషన్ 1:100. ప్యాటర్న్ స్పెకిల్డ్. ఇంటెన్సిటీ దగ్గర రెండు ప్లస్ గుర్తులు. కింద లావు అక్షరాల్లో పాజిటివ్. డాక్టరు అపాయింట్‌మెంట్ చూస్తే వచ్చే వారం. ఆ మధ్యలో మనిషి తెల్లవార్లూ ఫోన్లో చదివి చదివి లూపస్ తెచ్చుకుంటాడు.

పలు దేశాల ల్యాబులు కలిసి 1997లో ప్రచురించిన ఒక అధ్యయనం దీనికి మంచి విరుగుడు. ఏ జబ్బూ లేని ఆరోగ్యవంతుల్లో ఏఎన్ఏ 1:40 పలచన దగ్గర 31.7 శాతం మందికి, 1:80 దగ్గర 13.3 శాతం మందికి, 1:160 దగ్గర 5 శాతం మందికి పాజిటివ్ వచ్చింది. ఆ 5 శాతాన్ని మన తొమ్మిది లక్షల మందికి అన్వయిస్తే 45,000 మంది. లూపస్ మన దేశంలో ఎంతమందికి ఉంటుందని ఢిల్లీ దగ్గర మాలవీయ బృందం 1993లో అంచనా వేస్తే లక్షకు మూడు చొప్పున తేలింది. అది తక్కువ అంచనా అనుకుని పదింతలు చేసినా తొమ్మిది లక్షల్లో 300 దాటదు. లక్షణాలేవీ లేకుండా ప్యాకేజీలో ఏఎన్ఏ కలిపి అమ్మడం అంటే మూడొందల మంది కోసం నలభై అయిదు వేల ఇళ్లలో నిద్ర చెడగొట్టడం. ఆరోగ్యం పేరుతో చేసే ఇలాంటి వ్యాపారాన్ని నేను సమర్థించలేను. 2019 నాటి అంతర్జాతీయ లూపస్ ప్రమాణాల్లో కూడా 1:80 ఏఎన్ఏ లోపలికి రానిచ్చే టికెట్టే. ఆ తర్వాత లక్షణాలకు, ఇతర పరీక్షలకు కలిపి 10 పాయింట్లు రావాలి. పైగా ఆ ప్రమాణాలు పరిశోధనల కోసం రాసుకున్నవి, ఒక మనిషికి జబ్బు లేదని చెప్పడానికి కాదు.

నాణేనికి రెండో వైపు కూడా చూడాలి. అమెరికా సైన్యం దాచి ఉంచిన పాత రక్త నమూనాలను తిరగేసి 2003లో ప్రచురించిన పరిశోధనలో, తర్వాత లూపస్ తేలిన 130 మందిలో 115 మందికి నిర్ధారణకు ముందే ఆటోయాంటీబాడీలు ఉన్నాయి, కొందరికి తొమ్మిదేళ్లకు పైగా ముందు నుంచీ. అంటే ఆ రోగుల్లో జబ్బు చాలాకాలం మాట్లాడకుండా ఉంది. ‘పాజిటివ్ అయితే ఏమీ కాదు, మర్చిపో’ అనడమూ తప్పే. ఏఎన్ఏను మళ్లీ మళ్లీ చేయించడం వల్ల ఒరిగేది తక్కువ. అనుమానం నిజమైనదైతే అడపాదడపా చేయించాల్సింది వీధి ల్యాబులో కూడా దొరికే చవకైన మూత్ర పరీక్ష. లూపస్ కిడ్నీని పట్టుకున్నప్పుడు నొప్పి ఉండదు. మూత్రంలో ప్రొటీన్ పడుతుంది, నురగ కడుతుంది, తర్వాతెప్పుడో కాళ్లు వాస్తాయి. వేలు పోసి చేయించిన యాంటీబాడీ ప్రొఫైల్ ఫైల్లో భద్రంగా ఉండి, మూత్ర పరీక్ష ఒక్కటీ లేకపోవడం తరచూ కనిపించే విడ్డూరం.

ఎటూ తేలని ఈ మధ్యస్థితిని వైద్యులు అన్‌డిఫరెన్షియేటెడ్ కనెక్టివ్ టిష్యూ డిసీజ్ అంటారు. ఇందులో పడ్డవాళ్లలో సుమారు మూడో వంతు మంది, ఎక్కువగా మొదటి అయిదేళ్లలో, లూపస్ వంటి పేరున్న జబ్బులోకి వెళ్తారు. మిగతావాళ్లలో చాలామంది అలాగే తేలికగా ఉండిపోతారు, కొందరికి అన్నీ సర్దుకుంటాయి. చాలాసార్లు హైడ్రాక్సీక్లోరోక్విన్ రాసి, కళ్ల పరీక్ష చేయించుకోమని చెప్పి, కొన్ని నెలలకు మళ్లీ రమ్మంటారు. 2020 మార్చిలో ఐసీఎంఆర్ కోవిడ్ ముందుజాగ్రత్తకు వైద్య సిబ్బందికి ఇదే మందు సూచించగానే జనం ఎగబడి కొన్నారు. రోజూ వేసుకునేవాళ్లు షాపులెంట తిరిగారు. లూపస్ అని రాసున్న చీటీ ఉన్నవాళ్లకే కష్టమైంది, ‘అనుమానం’ అని రాసున్న చీటీకి ఎవరు విలువిస్తారు!

ఈ అనుమానపు కాలంలో మనిషిని నిజంగా కుంగదీసేది ఇల్లు, ఆఫీసు. ఈ జబ్బుల్లో చాలావాటికి ఆడవాళ్లే ఎక్కువ గురవుతారు. లూపస్‌లో ఒక మగవాడికి తొమ్మిది మంది ఆడవాళ్లు, అదీ ఎక్కువగా పదిహేను, నలభై అయిదు మధ్య వయసు వాళ్లు. అంటే సరిగ్గా సంబంధాలు చూసే వయసు. ‘ఇంకా ఏదీ తేలలేదు కదా, ఎందుకే నలుగురికీ చెప్పుకోవడం’ అని తల్లి అనడంలో ప్రేమ ఉంది, లెక్క కూడా ఉంది. దాచడం వల్ల వచ్చే నష్టం గర్భం దాల్చాక తెలుస్తుంది. ఈ జబ్బుల్లో కనిపించే యాంటీ రో యాంటీబాడీ ఉన్న తల్లుల బిడ్డల్లో నూటికి ఒకరిద్దరికి పుట్టకముందే గుండె లయ దెబ్బతింటుంది, అది ముందే తెలిస్తే స్కానింగుల్లో కనిపెట్టుకుని ఉంటారు. పండక్కి ఊరెళ్తే ఇంకో ప్రమాదం: ఆర్ఎంపీ ఇచ్చే ఇంజెక్షన్‌తోనో, ఎవరో తెచ్చిన పొడితోనో మర్నాటికల్లా లేచి తిరగడం. అందులో స్టెరాయిడ్ ఉంటే హాయిగానే ఉంటుంది. ఆనవాళ్లు చెరిపేస్తుంది, లోపల క్షయ ఉంటే రాజేస్తుంది.

టెన్షన్ వల్లే అనే మాటను కూడా పూర్తిగా తోసిపుచ్చలేం. తీవ్ర మానసిక ఒత్తిడి రుగ్మతలు నిర్ధారణ అయిన లక్ష మందికి పైగా స్వీడన్ వాసులను గమనించి 2018లో ప్రచురించిన అధ్యయనంలో, వాళ్లకు ఆటోఇమ్యూన్ జబ్బులు ఏటా వెయ్యికి 9.1 చొప్పున, మిగతా జనానికి 6 చొప్పున వచ్చాయి. కాబట్టి ఒత్తిడి ఉందని తేలితే పరీక్ష ఆపడానికి అది కారణం కాదు, చేయడానికి ఇంకో కారణం.

ఆఫీసులో వ్యవహారమంతా పేర్ల మీద నడుస్తుంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 వైకల్యాలను గుర్తించింది. మల్టిపుల్ స్క్లెరోసిస్ అందులో ఉంది. లూపస్, రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ పేర్లు లేవు. పేరే తేలనివాళ్లకు హెచ్ఆర్ ఫారంలో గడే లేదు. వర్క్ ఫ్రమ్ హోమ్ అడిగితే మెడికల్ సర్టిఫికెట్ అంటారు, సర్టిఫికెట్ ఇచ్చే డాక్టరు ‘అబ్జర్వేషన్‌లో ఉంది’ అని రాస్తాడు. అప్రైజల్‌కు ముందు ఆ కాగితం మేనేజరుకు పంపాలా వద్దా అని తర్జనభర్జన పడేవాళ్లది పిరికితనం అననక్కర్లేదు.

బీమా సంగతి అంతకన్నా మెలికలున్నది. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఉన్నది ఇదే కారిడార్‌లో, నానక్‌రాంగూడలో. 2024 ఏప్రిల్ నుంచి ముందే ఉన్న జబ్బులకు గరిష్ఠ నిరీక్షణ కాలాన్ని 48 నెలల నుంచి 36 నెలలకు, మారటోరియాన్ని, అంటే అది దాటాక మోసం ఉంటే తప్ప క్లెయిమ్‌ను ప్రశ్నించకూడని గడువును, ఎనిమిదేళ్ల నుంచి అయిదేళ్లకు తగ్గించింది. ముందే ఉన్న జబ్బు అంటే డాక్టరు నిర్ధారించినదే కాదు, డాక్టరు సలహా గానీ చికిత్స గానీ తీసుకున్నది కూడా. పేరు తేలలేదు కాబట్టి రాయక్కర్లేదనుకుని ప్రపోజల్ ఫారంలో ‘లేదు’ టిక్కు పెట్టినవాళ్లు తర్వాత క్లెయిమ్ దగ్గర ఇరుక్కుంటారు. కంపెనీ గ్రూపు పాలసీలు చాలావరకు పాత జబ్బులకు మొదటి రోజు నుంచే వర్తిస్తాయి, ఉద్యోగం పోతే అవీ పోతాయి. ఒంట్లో అనుమానం ఉన్నవాళ్లు లేఆఫ్ మెయిల్ వచ్చాక సొంత పాలసీ వెతుక్కోవడం కన్నా, జీతం వస్తున్నప్పుడే ఉన్నది ఉన్నట్టు రాసి తీసుకుని ఆ 36 నెలల లెక్క మొదలుపెట్టుకోవడం మేలు. అసలు ఈ దశలో ఖర్చంతా ఓపీ చీటీలు, రక్తపరీక్షల మీదే. మామూలు పాలసీలు వాటిని ముట్టుకోవు.

ఎవరి దగ్గరికెళ్లాలి? ఆర్థోపెడిక్, స్కిన్, కంటి డాక్టరు, గ్యాస్ట్రో అని ఒక్కో లక్షణాన్ని ఒక్కో అంతస్తులో చూపించుకుంటే ఎవరి ముక్క వాళ్లకు నార్మల్‌గానే ఉంటుంది. అన్నిటినీ ఒకచోట పెట్టి చూసేది రుమటాలజిస్టు, లేదా తీరిక ఉన్న మంచి జనరల్ ఫిజీషియన్. గచ్చిబౌలి, మాదాపూర్ కార్పొరేట్ ఆసుపత్రుల్లో రుమటాలజిస్టులు ఉన్నారు. రాయదుర్గంలో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారితే పంజాగుట్టలో నిమ్స్ ఉంది. అక్కడి రుమటాలజీ విభాగం ఎన్నో ఏళ్లుగా ఈ జబ్బులనే చూస్తోంది. సగం రోజు సెలవు పెట్టుకుని వెళ్లాలి, అంతే.

పేరు తేలితే మందులున్నాయి. రుమటాయిడ్‌కు నేటికీ పునాది మందు మెథోట్రెక్సేట్. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నడిపిన లెడర్లీ ప్రయోగశాలలో, ఫోలిక్ ఆమ్లం మీద జరిగిన పని నుంచి పుట్టింది. 1948 వింత సంవత్సరం: లూపస్‌ను పట్టిచ్చే ఎల్ఈ కణాన్ని మేయో క్లినిక్‌లో గుర్తించారు, ఆగస్టులో సుబ్బారావు పోయారు, సెప్టెంబరులో అదే మేయోలో రుమటాయిడ్ రోగికి మొదటిసారి కార్టిసోన్ ఎక్కించారు. ఆ కోవకే చెందిన మందు కీళ్లకు పనికొస్తుందని 1951లో తెలిసినా, అమెరికాలో రుమటాయిడ్‌కు మెథోట్రెక్సేట్ వాడకానికి అధికారిక అనుమతి 1988 దాకా రాలేదు. వారానికి ఒక్కసారే వేసుకోవాల్సిన ఆ మాత్రను పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికొస్తుంది. మొదట క్యాన్సర్‌కు వచ్చిన రిటుక్సిమాబ్‌కు బయోసిమిలర్‌ను 2007లో ఇక్కడి డాక్టర్ రెడ్డీస్ తెచ్చింది. కీళ్లకూ దాన్నే వాడుతున్నారు.

పేరు తేలకముందే మందు వేస్తే? ఇప్పుడు పరిశోధన నడుస్తున్నది అక్కడే. యాంటీ సీసీపీ పాజిటివ్ వచ్చి, నొప్పి ఉండి, ఇంకా వాపు రానివాళ్లకు అబటాసెప్ట్ అనే బయోలాజిక్ మందు ఏడాదిపాటు ఇచ్చి చూసిన బ్రిటన్, నెదర్లాండ్స్ పరిశోధన 2024లో వచ్చింది. ఏడాది చివర మందు తీసుకున్నవాళ్లలో 6 శాతం మందికి, తీసుకోనివాళ్లలో 29 శాతం మందికి రుమటాయిడ్ వచ్చింది. మందు ఆపి ఇంకో ఏడాది గడిచేసరికి ఆ అంకెలు 25, 37 అయ్యాయి. తేడా మిగిలింది గానీ చాలా కరిగింది. చవకైన హైడ్రాక్సీక్లోరోక్విన్‌తో అమెరికాలో చేసిన ఇలాంటి ప్రయత్నం ఫలించక మధ్యలోనే ఆపేశారు. కాబట్టి వాపు లేని మనిషికి ఖరీదైన బయోలాజిక్ మొదలుపెడదామని ఎవరైనా తొందరపెడితే ఇంకో అభిప్రాయం తీసుకోవడం మంచిది. సిగరెట్ తాగేవాళ్లు మానేయాలి, పొగ యాంటీ సీసీపీకి ఆజ్యం పోస్తుంది. కీలు వాచిన రోజు మాత్రం అపాయింట్‌మెంట్ తేదీ దాకా ఆగకుండా, ఆ రెండు చేతులనూ పక్కపక్కన పెట్టి తేదీ కనిపించేలా ఫోన్లో ఫొటో తీసుకోవాలి. చర్మం మీద మచ్చకైనా, ఏసీలో తెల్లబడిన వేళ్లకైనా ఇదే పని. డాక్టరు గదిలోకి వెళ్లే సమయానికి అవి కనబడకుండా పోవడం మామూలే. ఫొటో ఉంటే డాక్టరు మీ మాటల్ని బట్టి కాకుండా వాపును చూసి నిర్ణయిస్తాడు.